చేపను బాధపెట్టక చంపు విధము

పత్రికలలో చేపలపులుసు చేయు విధము వ్రాయువారు "చేపముక్కలను శుభ్రముగా కడిగి" అని ప్రారంభింతురు. చేప ముక్కలగుటకు ముందు దానికేమి జరిగినదో, ఎవరు చేసిరో, ఎట్లు చేసిరో చెప్పువారు అరుదు. పెరటిలో కత్తిపీట ముందు కూర్చుండు ఇల్లాలికి ఆ ముందుపనియే కష్టమైనది. ఉప్పు హెచ్చినచో మఱునాడు తగ్గించుకొనవచ్చును. పులుపు చాలనిచో మఱికొంత పోయవచ్చును. ప్రాణముతోనున్న జీవి చేతిలో నున్నప్పుడు తప్పిన పనిని మాత్రము దిద్దుకొనుటకు వీలులేదు. కావున ఈ నెల మేము పొయ్యి దగ్గఱకు రాక, పెరటిలోనే నిలిచి ఆ పనిని గూర్చి వ్రాయదలచితిమి.

మాంసము ముట్టని యిండ్లలోని సోదరీమణులు ఈ పుటను త్రిప్పివేయవలదని మనవి. చేపను తినుమని గాని మానుమని గాని చెప్పుట మా యుద్దేశము కాదు. తినువారు తినుచునే యున్నారు. తినుటకై ప్రాణము తీయక తప్పనప్పుడు ఆ ప్రాణము ఎంత త్వరగా, ఎంత తక్కువ బాధతో పోవలెనన్నదే ఇచటి ప్రశ్న. అది అందఱికిని ఉమ్మడి ప్రశ్న.

గుంటూరు, ప్రకాశము సీమలలోని గృహిణులకు ఈ ప్రశ్న తఱచుగా ఎదురగుచుండును. సముద్రపు చేప మనకు చచ్చియే వచ్చును. నిజాంపట్నపు రేవునుండి గాని, సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నము తీరములనుండి గాని వచ్చు వంజరము, చందువ, సావళ్లు మంచుగడ్డల నడుమ పడియుండును. వాని చావు వలలోనో పడవలోనో జరిగిపోయినది. మంచినీటి చేప సంగతి వేఱు. ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి పల్లెలకు చెరువులున్నవి. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వదలినది మొదలు ఆ కాలువ క్రింది చెరువులకును నీరు చేరుచున్నది. పడమట కంభము చెరువు వంటి ప్రాచీన తటాకములును కలవు. వేసవిలో చెరువు ఇంకి బురదగుంటలు మిగిలినప్పుడు జనము దిగి చేపలు పట్టుదురు. అప్పుడు దొరకు కొరమేను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి బ్రతికియే యింటికి వచ్చును. అంగడిలోను అంతే; తొట్టినీటిలో ఈదుచున్న కొరమేనుకే వెల యెక్కువ.

కొరమేను ఇంత గట్టి ప్రాణియగుటకు కారణము తెలిసికొనదగినది. బొచ్చె, శీలావతి మొదలగు చేపలు నీటిలో కలిసియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించి బ్రతుకును. కొరమేనుకు మొప్పలు గాక, వానికి పైభాగమున, తలలోనే, గాలి నింపుకొను గది వంటి అవయవ మొకటి కలదు. అది అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలిని మ్రింగి పోవుచుండును. అందువలననే నీరు బురదయైనను అది చావదు. తడిగుడ్డ కప్పి బుట్టలో నుంచినచో గంటలకొలది బ్రతికియుండును. మార్పు, ఇంగిలాయియు గాలి పీల్చగల చేపలే. చెరువులో దానిని కాపాడిన ఆ గుణమే మన పెరటిలో దానికి శాపమైనది. ఒడ్డున పడిన బొచ్చె కొంతసేపు తన్నుకొని సొమ్మసిల్లును. కొరమేను అట్లు సొమ్మసిల్లక, పొలుసు తీయుచున్నంతసేపును, ఒక్కొక్కప్పుడు పొట్ట చీల్చిన పిమ్మటను, తెలివితోనే యుండవచ్చును. "ఎంత తాజాదో చూడు, ఇంకా కొట్టుకుంటున్నది" అని మనము మురియుదుము. ఆ కొట్టుకొనుట తాజాదనమునకు గుర్తగునేమో గాని, దాని బాధకును గుర్తు.

మన యిండ్లలో ఈ పని సాధారణముగా జరుగు తీరు ఇది. చేప జారిపోకుండుటకై బ్రతికియున్న దానిపై బూడిద చల్లి పట్టుకొందురు. కొందఱు జిగురు విడుచుటకై కల్లుప్పు చల్లి మూతపెట్టి, లోపల అది తన్నుకొని తన్నుకొని ఊరకుండు వఱకు ఆగుదురు. పిదప రాతిపై అటునిటు రుద్ది పొలుసు పోగొట్టి, రెక్కలు, తోక కోసి, చిట్టచివరకు తల తీయుదురు. అనగా మొదట జరుగవలసినది చివరను, చివర జరుగవలసినవి మొదటను జరుగుచున్నవన్నమాట. ఇందు క్రూరబుద్ధి ఏమియు లేదు. తల్లి చేయగా కూతురు చూచినది. కూతురు అట్లే చేసినది. కాని బూడిద మొప్పలకు పట్టి ఊపిరాడకుండ చేయుననియు, ఉప్పు ఆ సున్నితమైన చర్మమును మండించుననియు ఒక్కసారి ఆలోచించినచో ఎవరికైనను తోచును. బొమ్మిడాయి వలె పొడవుగా నుండు ఈలు చేపను ఇట్లు ఉప్పులో వేసి చంపుట జర్మనీ దేశమున ఆచారముగా నుండెడిది. ఆ దేశపువారు దానిని చట్టముచేతనే మాన్పించిరి.

చేపకు నొప్పి తెలియునా యని కొందఱు అడుగుదురు. అది అఱవదు, కన్నీరు విడువదు. కావున తెలియదని అనుకొనుట సులభము. 2003వ సంవత్సరమున ఎడింబరో సమీపమునందలి రోజ్లిన్ పరిశోధనాలయమున లిన్ స్నెడన్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును ట్రౌట్ అను చేప తలయందు నొప్పిని గ్రహించు నాడీకొనలు ఉన్నవని కనుగొనిరి. పెదవులకు పులియబెట్టిన ద్రావకము వంటి ఆమ్లమును ఎక్కించినప్పుడు ఆ చేపలు వేగముగా ఊపిరి తీయుచు, పెదవులను గులకఱాళ్లకు రాచుకొనుచు, మేత ముట్టక చాలసేపు ఉండెను. చేప అనుభవించునది మనము అనుభవించు నొప్పి వంటిదేనా యన్న వాదము శాస్త్రజ్ఞులలో ఇంకను ముగియలేదు. అయినను సందేహమున్నచోట ఆ సందేహము వలని మేలు నోరులేని జీవికి చెందుటయే న్యాయము.

మన చట్టముయొక్క భావమును ఇదియే. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము, మనుష్యుడు తప్ప ప్రాణముగల ప్రతిజీవియు జంతువే యని చెప్పినది. కావున చేపయు అందు చేరినది. ఆహారమునకై చంపుట నేరము కాదు. కాని ఆ చంపుటలో అనవసరమైన బాధ కలిగించినచో ఆ మినహాయింపు నిలువదు. ఈ చట్టమునకు దారి వేసినది ఒక స్త్రీ యని మన సోదరీమణులు జ్ఞప్తియం దుంచుకొనదగును. కళాక్షేత్రమును స్థాపించిన నాట్యకళాకోవిదురాలు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సభ్యురాలిగా నుండి, జంతువులపై క్రూరత్వమును నివారించు బిల్లును తెచ్చి, ప్రభుత్వమే ఒక సమగ్రమైన చట్టము చేయునట్లు పట్టుపట్టినది.

ఇక దయ మాట యటుంచి, రుచి మాట చూతము. ఈ రెండును ఒక్క దారినే నడచుట ఈ విషయమునందలి విశేషము. పరుగెత్తి అలసిన మనుష్యుని కండరములలో ఆమ్లము చేరినట్లే, చాలసేపు తన్నుకొని చచ్చిన చేప కండలోను చేరును. కండలో నిలువయున్న శక్తి అంతయు ఆ పెనుగులాటలోనే ఖర్చగును. అట్టి చేప చచ్చిన వెంటనే బిగుసుకొని, ఆ బిగువు త్వరగా సడలి, కండ పొరలుగా విడిపోవును. పులుసులో ముక్క నిలువక చెదరిపోవును. క్షణములో తెలివి కోల్పోయిన చేప ఆలస్యముగా బిగుసుకొనును. కండ గట్టిగాను, తీయగాను నుండును. జపానుదేశపు బెస్తలు ఈ సంగతి చిరకాలముగా ఎఱుగుదురు. వారు చేప మెదడును సూదివంటి పరికరముతో ఒక్కపోటున పొడిచి, వెంటనే నెత్తురు తీసివేయుదురు. దీనిని వారు ఇకెజిమె యందురు. అట్లు చంపిన చేపకు అక్కడి అంగళ్లలో ఎక్కువ ధర పలుకును.

మన యింట సూదితో పొడుచుట కష్టము; తప్పినచో మఱింత హింస. కావున తలపై దెబ్బ మేలు. దానికి కావలసినవన్నియు చేపను నీటినుండి తీయక ముందే సిద్ధపఱచుకొనవలెను. చేతికిముడు బరువైన కట్టె యొకటి, పాత పచ్చడిబండ యైనను సరే, పదునైన చాకు, తడిపిన గోనెపట్టా, చల్లని నీళ్లతో నిండిన వెడల్పు పళ్లెము. ఇవి వెదకుకొనుచు చేపను గట్టుపై పడవేయరాదు. అంతవఱకు అది మూతవేసిన బిందెలో నీటియందే యుండవలెను.

అన్నియు కుదిరిన పిమ్మట తడిగుడ్డతో చేపను పట్టి, ఆ గుడ్డయే కన్నులపై కప్పినచో అది కొంత కుదుటపడును. పొట్ట క్రిందికి ఉండునట్లు గోనెపట్టాపై పెట్టి, తల వెనుకభాగమును ఎడమచేత అదిమి పట్టవలెను. మెదడు ఉండుచోటు కన్నులకు కొంచెము వెనుక, నడినెత్తిన. అచ్చట తడబడక, జాలితో చేయి తగ్గింపక, గట్టిగా ఒక్క దెబ్బ వేయవలెను. వెంటనే రెండవది. ఇచట మెత్తని చేయి దయ కాదు. అర దెబ్బ తిన్న చేపకు బాధ రెట్టింపగును. కొరమేను తల పాము తలవలె పైకి చదునుగా నుండి, ఎముక గట్టిగా నుండును గనుక కట్టె బరువైనదై యుండుట అవసరము. చేయి వణకువారు ఈ పనిని ఇంటిలో ధైర్యముగల మఱియొకరికి ఒప్పగించుటలో సిగ్గుపడవలసినది లేదు.

తెలివి పోయినదో లేదో చూచుకొనక తరువాతి పనికి పోరాదు. మొప్పల మూతలు ఆడుట నిలిచిపోవలెను. కాని గాలి పీల్చు చేపలలో ఈ గుర్తు ఒక్కటియే చాలదు, కంటిని చూడవలెను. తెలివిగల చేపను ప్రక్కకు ఒరగించినప్పుడు దాని కనుగ్రుడ్డు తిరిగి తిన్నగా నిలుచుటకు ప్రయత్నించును. తెలివి పోయిన దాని కన్ను తలతోబాటు కదలక నిలిచియుండును. కన్ను తిరిగినచో తత్క్షణమే మఱియొక దెబ్బ వేయవలెను. ఇక తోకయో ఒడలో అప్పుడప్పుడు అదురుట కండరముల గుణము మాత్రమే. కన్ను నిలిచిన పిదప దానికి భయపడ నక్కరలేదు.

ఇప్పుడు నెత్తురు తీయుట. ఇది వెంటనే జరుగవలెను, ఏలయనగా తెలివి పోయినను గుండె కొంతసేపు కొట్టుకొనుచునే యుండి నెత్తురును బయటికి నెట్టును. చేప గుండె మొప్పలకు కొంచెము వెనుకగా, గొంతు క్రింద నుండును. అందుండి వెడలిన నెత్తురంతయు మొదట మొప్పలకే పోవును. కావున మొప్పమూత యెత్తి, ఎఱ్ఱని మొప్పలను రెండుప్రక్కలను చాకుతో కోసి, తల క్రిందికి ఉండునట్లు చల్లని నీటిలో పది నిమిషములు ఉంచవలెను. నడుమ ఒకమాఱు నీరు మార్చుట మంచిది. చేప బరువులో నెత్తురు నూటికి మూడు మొదలు అయిదు పాళ్లు మాత్రమే. అదియు అంతయు రాదు. వచ్చినంత మేలే. కండలో నిలిచిన నెత్తురే త్వరగా చెడి, ముక్కను నల్లబఱచి, నీచువాసన పుట్టించును.

క్రమము తప్పరాదని మఱల చెప్పుచున్నాము. ముందు దెబ్బ, తరువాత కోత. తెలివితోనున్న చేప మొప్పలు కోసి నెత్తురు కారనిచ్చుట, నీటినుండి తీసి ఊపిరాడక చావనిచ్చుట, పెద్దచేపను బ్రతికియుండగనే మంచులో వేయుట, ఇవన్నియు చేపకు చాలసేపు బాధ కలిగించు పద్ధతులని ప్రపంచ జంత్వారోగ్య సంస్థ తన నియమావళిలో చెప్పినది. మంచు చంపుటకు కాదు, చంపిన పిదప కాచుటకు. రెంటచింతల యెండలు మండు దినములలో కోసిన చేప గంటసేపు బయట నున్నను చెడిపోవును. వెంటనే వండనిచో మంచుముక్కలలో గాని ఫ్రిజ్‌లో గాని పెట్టవలెను.

నెత్తురు కారిన పిమ్మట బూడిద ఎంతయైనను రుద్దుకొనవచ్చును, ఉప్పు ఎంతయైనను చల్లుకొనవచ్చును. చేప కదలదు గనుక పొలుసు సులువుగా పోవును, చేతులు తెగవు. పొట్ట చీల్చునప్పుడు చేదుకట్టు పగులకుండ చూడవలెను. ఆ చేదును మందని మ్రింగువారు కొందఱు కలరు. శీలావతి వంటి చేపల చేదుకట్టు మ్రింగి మూత్రపిండములు చెడినవారు మన దేశమున ఉన్నారు గనుక అట్టి పని ఎన్నడును చేయరాదు. వెన్నెముక వెంబడి నల్లగా గడ్డకట్టియున్న దానిని గోటితో గీకి కడిగివేసినచో నీచు చాలవఱకు పోవును.

చేపల తారతమ్యమును కొంత తెలిసికొనవలెను. బొచ్చె, శీలావతులకు ఇదే పద్ధతి, ఇంకను సులువు. ఇంగిలాయి రెక్కముల్లు విషముగలది. మందపు గుడ్డతో తప్ప పట్టరాదు. గ్రుచ్చుకొన్నచో ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో చేయి ఉంచిన నొప్పి తగ్గును. తగ్గనిచో వైద్యుని చూడవలెను. బొటనవ్రేలంత కూడ లేని చిత్తపరిగెలను ఒక్కొక్కదానిని కొట్టుట సాధ్యము కాదు. వానిని మాత్రము మంచుముక్కలు సగము, నీరు సగము కలిపిన గిన్నెలో ఒక్కమాఱుగా వేసినచో, ఒడలు చిన్నది గనుక, త్వరగా ప్రాణము విడుచును.

నెత్తురు తీసినంతమాత్రమున మట్టివాసన పోదు. మట్టివాసనకు కారణము నెత్తురు కాదు. చెరువునీటిలోని నాచువంటి సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థము మొప్పలద్వారా చేప క్రొవ్వులో చేరును. తొలకరికి నేల వాసన వచ్చునది కూడ దానివలననే. దానిని పోగొట్టుటకు బ్రతికియున్న చేపను మంచినీటి తొట్టిలో నాలుగైదు దినములు, నీరు మార్చుచు, మేత వేయక ఉంచుట మేలు. కొరమేను ఎగిరి బయటపడునది గనుక తొట్టికి మూత అవసరము. అయినను పైకి వచ్చి గాలి పీల్చుకొనుటకు సందుండవలెను. చింతపండు పులుపు కూడ ఈ వాసనను విఱుచును. మన గుంటూరు కారము ఎంత పేరుపొందినదైనను, వాసనను కప్పగలదే గాని పోగొట్టజాలదు. చెడ్డగా చంపిన చేపను కారముతో కప్పి తినుట మనకు అలవాటైనది. బాగుగా చంపిన చేపకు కారము సగము తగ్గించి చూడుడు. చేప రుచి నాలుకకు తెలియవచ్చును. బాలింతలకును జబ్బు పడి లేచినవారికిని కొరమేను పెట్టు ఇండ్లలో ఈ మాట మఱింత ఉపయోగించును, వారికి ఎక్కువ కారము తగదు గదా.

పట్టణములలోని గృహిణులు చేపను ఇంట కోయరు, అంగడిలోనే కోయించుకొందురు. అట్టివారు తమకు ఈ పనితో సంబంధము లేదనుకొనరాదు. చేపలమ్మునామె మనము అడిగినట్లు చేయును. మనము తొందరపెట్టుదుము గనుక ఆమె బ్రతికిన చేపకే పొలుసు గీకును. "అమ్మా, ముందు తలమీద గట్టిగా కొట్టి, మొప్ప కోసి, నెత్తురు కారినాక పొలుసు తియ్యి. ఈలోపు నేను చింతపండు తెచ్చుకుంటాను" అని ఒక్క మాట చెప్పినచో చాలును. ఆమె కాలమును మనము కొంత తీసికొనుచున్నాము గనుక ఆ కొంతకు ఒక పది రూపాయలు ఎక్కువ ఇచ్చుట ధర్మము. పదిమంది ఇల్లాండ్రు వరుసగా అడిగినచో అది ఆ అంగడి అలవాటగును.

పిల్లల మాట కూడ చెప్పవలెను. మొప్పకు త్రాడు గ్రుచ్చి బ్రతికిన చేపను ఈడ్చుకొనుచు ఆడుట, ఒడ్డున వేసి అది ఎగిరిపడుట చూచి నవ్వుట చెరువుగట్లపై కనబడు వినోదములు. పిల్లలను ఈ పనికి దూరముగా దాచవలసిన పని లేదు; తినునది ఎట్లు వచ్చినదో తెలియుట మంచిదే. కాని వారు చూచునది ఆట కారాదు. నీటినుండి తీయుటకు ముందు అన్నియు సిద్ధపఱచుకొను అమ్మను, మాట్లాడక ఒక్క దెబ్బతో పని ముగించు అమ్మను చూచిన బిడ్డ, వేఱొకరు చెప్పకుండగనే, ప్రాణము తీయుట ఎంత బరువైన పనియో గ్రహించును.

కావున సోదరీమణులారా, కత్తిపీట ప్రక్కన ఒక బరువుకట్టెను కూడ ఉంచుకొనుడు. దానికి వెల లేదు. పనికి పట్టు కాలమును ఎక్కువ కాదు. మనకై ప్రాణమిచ్చు జీవికి మనము తిరిగి ఈయగలిగినది ఆ మాత్రమే.